చక్కెర లేని తీపి: ఊలాంగ్ టీ గురించి నాలుగు మాటలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా తిరుపతిలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు 75 ఏళ్ళు నిండిన పెద్దలు శాలువాలు కప్పించుకున్నారు, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లెల నుంచి సోదర సోదరీ పెన్షనర్లు శ్రమపడి బస్సుల్లో వచ్చారు. 2022లో జిల్లాను విడదీశారు గానీ మనం మాత్రం విడిపోకుండా ఒకే చాప మీద కూర్చున్నాం, సంతోషం.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు సవివరంగా చెప్పారు. కరువు భత్యం గురించి కూడా చెప్పారు. వాటికి నేను కలపగలిగింది ఏమీ లేదు. కార్యదర్శి గారు నాకు ‘ఆరోగ్యం, ఆహారం’ అనే శీర్షిక కింద పదిహేను నిమిషాలు కేటాయించారు. అందులో ఆహారం సంగతి ఇళ్ళల్లో ఆడవాళ్ళు చూసుకుంటారు గనుక నేను టీ గురించి మాట్లాడదలచుకున్నాను. అదీ మనం రోజూ తాగే టీ కాదు, చైనావాళ్ళ ఊలాంగ్ టీ.

‘ఏమప్పా, పెన్షనర్ల సభలో చైనా టీ ఏమిటి’ అని వెనుక వరుసలో ఒక మిత్రుడు అంటున్నారు. వినబడింది. కారణం ఉంది. ఇందాక విరామంలో రెండు ఫ్లాస్కులు పెట్టారు, ఒకటి చక్కెరతో, ఒకటి చక్కెర లేకుండా. పదేళ్ళ కిందట మన సభల్లో చక్కెర లేని ఫ్లాస్కు సగం మిగిలిపోయి అటెండరు ఇంటికి వెళ్ళేది. ఈ రోజు ముందు ఖాళీ అయింది అదే. ఆ వరుసలో నేనూ నిలబడ్డాను. మనవాళ్ళ ముఖాలు చూశాను. అవి టీ తాగే ముఖాలు కావు, మందు తాగే ముఖాలు. పాలు, డికాషన్ అలాగే ఉంచి చక్కెర ఒక్కటి తీసేస్తే మిగిలేది ఉప్పు లేని కూర. అది తాగుతూ మనం మనకేదో శిక్ష పడినట్టు కూర్చుంటున్నాం. దాని గురించే నా మాటలు.

నాకు 2012లో షుగర్ అని తేలింది. డాక్టరు గారు మంచివారే, ‘టీ మానక్కర్లేదండీ, చక్కెర మానండి చాలు’ అన్నారు. ఒక గుమాస్తాకు ఆ మాట ‘ఉద్యోగం మానక్కర్లేదు, జీతం మానుకో’ అన్నట్టు వినిపించింది. ఆ రాత్రి అలవాటు కొద్దీ కాగితం మీద లెక్క వేశాను. రోజుకు ఆరు గ్లాసులు, గ్లాసుకు రెండు చెంచాలు, అంటే పది గ్రాములు. రోజుకు 60 గ్రాములు, ఏడాదికి దాదాపు 22 కిలోలు. 1972లో చేరి 2008లో రిటైరయ్యాను, 36 ఏళ్ళ సర్వీసు. మొత్తం ఎనిమిది క్వింటాళ్ళకు కాస్త తక్కువ. ఒక ఎద్దుల బండి బరువు చక్కెర ఒక్క టీ గ్లాసుల ద్వారానే లోపలికి వెళ్ళింది. ఇది ఎవరికి వారు ఇంటికి వెళ్ళి వేసుకోదగిన లెక్క.

అయితే తప్పంతా మన నాలుకదే అనడం న్యాయం కాదు. మనకు దొరికిన టీ అలాంటిది. 1930 ప్రాంతంలో అస్సాంలోని ఒక తోటలో మెకెర్చర్ అనే దొర ఒక యంత్రం కనిపెట్టాడు. ఆకును నలిపి, చించి, చుట్ట చుట్టే యంత్రం. ఆ మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే సీటీసీ. మన దేశంలో తయారయ్యే టీలో అత్యధిక భాగం ఇదే. యంత్రంలోంచి వచ్చేది ఆకు కాదు, ఆవగింజంత గుళికలు, వాటి పొడి. నీళ్ళలో పడగానే ఉన్న రంగు, ఉన్న చేదు, ఉన్న వగరు అంతా రెండు నిమిషాల్లో కక్కేస్తుంది. దాన్ని పాలు తప్ప ఏదీ తట్టుకోలేదు, చక్కెర తప్ప ఏదీ సర్దలేదు. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడడం లేదు. తెల్లవారుజామున మూడు గంటలకు తిరుపతి బస్టాండులో బస్సు దిగినవాడికి ఆ రాగి బాయిలర్ పక్కన, గుడ్డ సంచిలోంచి దిగిన డికాషన్‌తో, ఎత్తి పోసిన నురుగు టీ అమృతమే. దాని చోటు దానిది. కాకపోతే అందులోంచి చక్కెర తీసేస్తే అది నిలబడదు. ఊలాంగ్ అలా కాదు. దాంట్లో చక్కెర వేస్తే పాడవుతుంది.

నాకు దీని పరిచయం 2016లో సింగపూరులో అయింది. మా అమ్మాయి, అల్లుడు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. మూడు నెలలు ఉన్నాం. ప్రభుత్వం కట్టించిన ఎత్తయిన ఇళ్ళ సముదాయంలో అదే వరండాలో నాలుగు తలుపుల అవతల ఒక చైనా పెద్దాయన. ఓడల కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. దేశం ఏదైనా గుమాస్తాను గుమాస్తా గుర్తుపట్టేస్తాడు, చొక్కా జేబులో రెండు పెన్నులు ఉంటాయి. వారి పెద్దలు దక్షిణ చైనాలోని ఛావ్‌జౌ అనే ఊరి నుంచి వలస వచ్చినవారట. నన్ను టీకి పిలిచారు. ‘నాకు చక్కెర వద్దండీ’ అని ముందే మనవి చేసుకున్నాను. ఆయన నవ్వి, ‘ఇందులో చక్కెర వేస్తే మా నాయన పైనుంచి దిగివచ్చి నన్ను కొడతాడు’ అన్నారు.

ఆయన ఎలా పెట్టారో చెప్పే ముందు ఆ ఆకు ఎలా తయారవుతుందో చెప్పాలి. లేకపోతే రుచి సంగతి అర్థం కాదు.

పచ్చ టీ, నల్ల టీ, ఊలాంగ్ అన్నీ ఒకే జాతి చెట్టు ఆకులు. తేడా చెట్టులో కంటే ఎక్కువగా చేతిలో ఉంది. వంకాయ కోసి ఉప్పునీళ్ళలో వేయకుండా మరిచిపోతే ఏమవుతుంది? నల్లబడుతుంది. కోసిన చోట గాలి తగిలి లోపలి రసం రంగు మారుతుంది. తేయాకు కూడా అంతే. కోసిన వెంటనే వేడి పెట్టి ఆ మార్పును ఆపేస్తే పచ్చ టీ. నలిపి పూర్తిగా మారనిస్తే మనం తాగే నల్ల టీ. ఆ రెంటి మధ్య ఎక్కడో ఒక చోట, సరిగ్గా కావలసిన క్షణంలో ఆపితే ఊలాంగ్. కొందరు దీన్ని పులియబెట్టడం అంటారు గానీ ఇది ఇడ్లీ పిండి పులిసినట్టు పులవడం కాదు, వంకాయ ముక్క నల్లబడడమే.

ఎక్కడ ఆపాలనేది చేసేవాడి ఇష్టం, అనుభవం. కొన్ని ఊలాంగులు పచ్చ టీకి దగ్గరగా ఉంటాయి, కొన్ని నల్ల టీకి దగ్గరగా. లేత మొగ్గ దీనికి పనికిరాదు. కాస్త ముదిరి విచ్చుకున్న ఆకులు మూడు నాలుగు ఉన్న కొమ్మ కోస్తారు. ముందు ఎండలో వాడ్చుతారు, తరువాత నీడకు తెస్తారు. వెదురు చేటల్లాంటి పళ్ళాల్లో వేసి మన ఆడవాళ్ళు బియ్యం చెరిగినట్టు ఆడిస్తారు. ఆకు అంచులు ఒకదానికొకటి రాసుకుని గాయపడతాయి. కాసేపు పడుకోబెడతారు. మళ్ళీ ఆడిస్తారు, మళ్ళీ పడుకోబెడతారు. ఇలా రాత్రంతా. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. గడియారం చూసి చేసే పని కాదు, వాసన చూసి చేసే పని. మొదట పచ్చిగడ్డి వాసన వేస్తుంది, క్రమంగా అది పోయి పువ్వుల వాసన, పండ్ల వాసన దిగుతుంది. ఆ ఘడియలో వేడి బాణలిలో వేసి ఆపేస్తారు. అప్పటికి ఆకు నడుమ పచ్చగానే ఉండి అంచు మాత్రం ఎర్రబడి ఉంటుంది, అచ్చం పచ్చ చీరకు ఎర్ర అంచులాగా. తాగిన తరువాత ఆకు విప్పి చూస్తే చాలా వాటిల్లో ఆ అంచు మనకూ కనిపిస్తుంది.

తరువాత చుట్టడం, ఆరబెట్టడం. ఆ పైన అసలు సంప్రదాయ పద్ధతిలో బొగ్గుల మీద కాల్చడం. మంట ఉండకూడదు, పొగ ఉండకూడదు. బొగ్గులు బాగా రాజుకున్నాక వాటిమీద బూడిద కప్పుతారు. నివురు కప్పిన నిప్పు అని మనం మాటవరసకు అంటుంటాం చూడండి, వాళ్ళు దాని మీద వెదురు బుట్ట పెట్టి గంటల తరబడి టీ ఆకు కాలుస్తారు. ఆ వేడికి ఆకులోని పచ్చితనం పోయి వేయించిన శనగల వాసన, కాల్చిన చెనక్కాయల వాసన, కొంచెం పాకం వాసన వస్తాయి. కాల్చిన వెంటనే తాగరు. కొత్త బియ్యం అన్నం ముద్దగా అయినట్టు కొత్తగా కాల్చిన టీలో నిప్పు ఘాటు ఉంటుందట. కొన్ని నెలలు డబ్బాలో ఉంచి ఆ ఘాటు దిగాక తీస్తారు.

ఇది పుట్టింది చైనాలో సముద్రం పక్కనున్న ఫూజియన్ రాష్ట్రంలో, సుమారు మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట. ఒక సంగతి మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రపంచంలో టీకి ప్రధానంగా రెండే పేర్లు. నేల దారిన పారశీకుల మీదుగా వచ్చింది ‘చా’, దాన్నే హైదరాబాదు వాళ్ళు చాయ్ అంటారు. ఓడల్లో వచ్చింది ‘తే’, అది ఫూజియన్ రేవుల వాళ్ళ మాట. డచ్చివాళ్ళు తీసుకుపోయారు, ఇంగ్లీషువాళ్ళు టీ చేసుకున్నారు. మన తేయాకులోని ‘తే’, అరవవాళ్ళ తేయిలైలోని ‘తే’ కూడా అదే. చిత్తూరు సంతలో తేయాకు అన్న ముసలమ్మ ఊలాంగ్ పుట్టిన ఊరి మాటే పలికిందన్నమాట.

ఆ రాష్ట్రంలోనే ఉత్తరాన వూయీ కొండలు. నిట్టనిలువు రాతి కొండలు, మన తిరుమల కొండ చరియల్లాగా. ఆ రాళ్ళ సందుల్లోని మన్నులో పెరిగే టీని రాతి టీ అనే అంటారు. ఇంగ్లీషువాళ్ళు ఆ వూయీ పేరునే నోరు తిరగక బొహీ అన్నారు. 1773లో అమెరికాలో బోస్టన్ రేవులో జనం సముద్రంలో పారబోసిన 342 పెట్టెల టీలో ఎక్కువ భాగం ఆ బొహీయే. ఆ తరువాత 1848లో కంపెనీవాళ్ళు పంపగా రాబర్ట్ ఫార్చ్యూన్ అనే తోటల నిపుణుడు చైనావాడి వేషం వేసుకుని, జడ పెట్టుకుని, వూయీ కొండల దాకా వెళ్ళి మొక్కలు, విత్తనాలు, పనివాళ్ళను మన దేశానికి తెచ్చాడు. మొక్క వచ్చింది, నల్ల టీ చేసే పని వచ్చింది. సగంలో ఆపే ఈ పని మాత్రం మనదాకా రాలేదు. ఈ మధ్య కాలంలో డార్జిలింగులోను, నీలగిరుల్లోను కొన్ని తోటలవాళ్ళు ఊలాంగ్ పద్ధతిలో చేస్తున్నారు, బాగానే ఉంటుంది.

వూయీ టీలలో పేరున్నది దా హాంగ్ పావ్, అంటే పెద్ద ఎర్ర అంగీ. దాని కథ మన గుమాస్తాలకు నచ్చుతుంది. రాజధానిలో సర్కారు పరీక్ష రాయడానికి పోతున్న ఒక విద్యార్థి దారిలో కడుపునొప్పితో పడిపోతే, ఒక బౌద్ధ సన్యాసి ఈ ఆకు కాచి ఇచ్చాడట. నొప్పి తగ్గింది, పరీక్షలో మొదటి వాడయ్యాడు, చక్రవర్తి ఎర్ర అంగీ బహూకరించాడు. అతడు తిరిగి వచ్చి ఆ అంగీ తీసి టీ చెట్టుకు కప్పాడట. మన డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసైన వారెవరైనా క్యాంటీను బాయిలర్‌కు శాలువా కప్పారా, చెప్పండి. కథ కథే గానీ ఆ చెట్లు నిజంగా ఉన్నాయి. కొండ చరియ మీద ఆరు ముసలి చెట్లు. 2005లో చివరిసారి కోశారు, 2006 నుంచి కోత నిషేధించారు. ఇప్పుడు బజారులో ఆ పేరుతో దొరికేది వాటి కొమ్మలతో పెంచిన చెట్లదో, లేదా నాలుగు రకాలు కలిపిందో. అందులో మోసం ఏమీ లేదు. మన తోతాపురి కూడా అంటు కట్టి పెంచిందే గదా.

దక్షిణాన ఆన్షి అనే చోట టై గ్వాన్‌యిన్, అంటే ఇనుప కరుణాదేవి. ఆ గ్వాన్‌యిన్ ఎవరో కాదు, మన దేశం నుంచి వెళ్ళిన అవలోకితేశ్వరుడే అక్కడ అమ్మవారి రూపం దాల్చాడు. ధూపదీప నైవేద్యాలు లేని ఒక పాత గుడిలో రోజూ టీ నీళ్ళు నైవేద్యం పెట్టిన పేద రైతుకు ఆ తల్లి కలలో కనబడి మొక్క చూపిందని కథ. ఈ ఆకును గుడ్డలో మూటకట్టి నలిపి మిరియం కంటే కాస్త పెద్ద ఉండలు చేస్తారు. నీళ్ళు పడ్డాక ఆ ఉండ విచ్చుకుని నిండు ఆకు అవుతుంది. మా మనవరాలికి టీ కంటే అది చూడడమే ఇష్టం.

ఛావ్‌జౌ కొండల్లో ఇంకో తమాషా ఉంది. అక్కడ ఒక్కో చెట్టు రకానికి దాని వాసనను బట్టి పేరు. ఒకటి సంపెంగ జాతి పువ్వు వాసన, ఒకటి తేనె వాసన. అన్నిటిలో బాగా అమ్ముడయ్యేదాని పేరు బాతు రెట్ట వాసన. నిజంగానే! మంచి చెట్టు దొరికిన రైతు ఇరుగుపొరుగు కొమ్మలు విరుచుకుపోతారని భయపడి ఆ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. దిష్టి తగలకుండా మనం పిల్లలకు పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టలేదా?

ఇక సింగపూరు పెద్దాయన పెట్టిన పద్ధతి. దీన్ని గుంగ్ ఫూ టీ అంటారు. గుంగ్ ఫూ అంటే ఓపికతో, నేర్పుతో చేసే పని అని. పిల్లలు సినిమాల్లో చూసే కుంగ్ ఫూ కూడా ఆ మాటే. మన టీ గ్లాసు నీళ్ళు పట్టేంత మట్టి కూజా. మెరుగు పెట్టని మట్టి, మన పలమనేరు కుమ్మరుల మట్టి వస్తువుల రంగులో ఉంటుంది. అందులో అర తులం పైచిలుకు ఆకు వేశారు. ‘ఇంత నీళ్ళకు ఇంత ఆకా’ అనుకున్నాను. సలసల మరిగే నీళ్ళు పోసి ఆ మొదటి నీళ్ళు వెంటనే పారబోశారు, అది ఆకును లేపడానికట. రెండోసారి పోసి పదిహేను ఇరవై అంకెలు లెక్కపెట్టి గిన్నెల్లోకి వంచారు. గిన్నెలు ఉగ్గుగిన్నె కంటే చిన్నవి. మూడే గిన్నెలు.

మేము నలుగురం. ఆయన, వారి శ్రీమతి, నేను, మా ఆవిడ. ‘ఒక గిన్నె తక్కువైంది’ అన్నాను. ‘తక్కువ కాలేదు. మా ఊళ్ళో ఎందరు వచ్చినా మూడే. ఎవరో ఒకరు మీరు ముందు తీసుకోండి అనాలి కదా’ అన్నారు. తరువాత గిన్నెలు వేడినీళ్ళతో కడిగి మళ్ళీ పోస్తారు. ఈసారి ఆగినవారికి ముందు. రెండు గంటలు కూర్చున్నాం. అదే ఆకు మీద ఏడుసార్లు నీళ్ళు పోశారు.

రుచి సంగతి. మొదటి తడవ ముక్కుకే అందింది, నోటికి పెద్దగా అందలేదు. కాల్చిన వాసన. రెండో తడవకు చేదు వచ్చింది, వగరు వచ్చింది. మా ఆవిడ నాకేసి చూసి తెలుగులో ‘కషాయం’ అంది. ఆయన మింగిన వెంటనే మాట్లాడవద్దు, కాసేపు ఆగండి అన్నట్టు చెయ్యి చూపించారు. ఆగాను. గొంతు లోపలి నుంచి, నాలుక వెనుక నుంచి మెల్లగా తీపి వచ్చింది. నోట్లో టీ లేదు, గిన్నె ఖాళీ, చక్కెర వేయలేదు, అయినా తీపి. నాలుగేళ్ళుగా తీపి అన్నది ఎదుటివాళ్ళ పళ్ళెంలో చూసే వస్తువైపోయింది నాకు. ఆ క్షణంలో కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే మీరు నవ్వకండి.

మీలో ప్రతి ఒక్కరికీ ఈ తీపి తెలుసు. చిన్నప్పుడు బడికి పోయే దారిలో ఉసిరికాయ కొరికి, ముఖం వికారంగా పెట్టి, తరువాత బావి దగ్గర దోసిట్లో నీళ్ళు పట్టి తాగినప్పుడు ఆ నీళ్ళు ఎలా ఉండేవి? చక్కెర కలిపినట్టు ఉండేవి. అదే ఇది. చైనావాళ్ళు దీనికి ప్రత్యేకంగా హ్వేగాన్ అని పేరు పెట్టారు. తిరిగి వచ్చే తీపి అని అర్థం. వాళ్ళు టీని నోట్లో ఉన్నప్పటి రుచిని బట్టి మాత్రమే విలువ కట్టరు, మింగిన తరువాత ఏమి మిగిలింది, ఎంతసేపు మిగిలింది అని చూస్తారు. మంచి ఊలాంగ్ తాగాక పది నిమిషాల వరకూ ఆ తీపి, ఆ వాసన గొంతులో ఉంటాయి. నాసిరకం అయితే వగరు మాత్రం అంటుకుని ఉంటుంది. కొనేవాళ్ళు చూసుకోవలసిన గుర్తు ఇదొక్కటే, తక్కిన వర్ణనలన్నీ అంగడివాళ్ళవి.

ఇంకోటి. ఇంగ్లీషువాళ్ళకు వగరు అనేది రుచుల లెక్కలో లేదు, నాలుక పొడిబారడం అంటారు. మనకు ఆరు రుచుల్లో అదొకటి. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరు లేకపోతే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. అంచేత ఈ టీ పట్టుపడడానికి తెల్లవాళ్ళ కంటే మన నోరే ఎక్కువ సిద్ధంగా ఉందని నా అభిప్రాయం. అడ్డం వచ్చేది ఒక్క తొందర.

ఏ తడవకు ఆ తడవ వేరుగా ఉండడం ఇందులో రెండో సంతోషం. మూడు నాలుగు తడవల్లో పువ్వులు, పండ్ల వాసనలు బాగా తెలుస్తాయి. అయిదు దాటితే చేదు తగ్గి తీపి పలుచగా నిలుస్తుంది. చివరికి ఉడికిన బియ్యం గంజిలాగా మెత్తగా ముగుస్తుంది. రుచి చూడడం అనే చైనా మాటను రాసేటప్పుడు మూడు నోళ్ళ బొమ్మ వేస్తారట. ఉగ్గుగిన్నెడు టీని మూడు గుక్కలుగా తాగమని దానికి వాళ్ళు అర్థం చెప్పుకుంటారు. మనం తీర్థం పుచ్చుకున్నట్టే.

కొనదలచుకున్న వారికి ఒక హెచ్చరిక. 1990 దశకం నుంచి ఆన్షిలో కొత్త రకం వాడుకలోకి వచ్చింది. తక్కువగా వాడ్చి, కాల్చకుండా, పచ్చ రంగులో, పూల వాసన గుప్పుమనేలా చేస్తారు. చూడడానికి బాగుంటుంది. కానీ దాన్ని ఫ్రిజ్జులో పెట్టాలి, కొన్ని నెలలకే వాసన పోతుంది, పరగడుపున తాగితే కడుపులో తిప్పుతుంది. మన తిరుపతి ఎండలకు పాత పద్ధతిలో బాగా కాల్చినదే మేలు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, వంటింటి మసాలాలకు దూరంగా పెడితే ఏళ్ళు ఉంటుంది. చైనా సంప్రదాయ టీ తయారీ పద్ధతులను 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు గనుక పాత పద్ధతికి మళ్ళీ కొంత గౌరవం పెరుగుతుందని ఆశ.

ధర మాటకొస్తే ఎక్కువే. విదేశీ టీ మీద మన దేశంలో సుంకం భారీగా ఉంది. కానీ గుమాస్తా లెక్క వేసి చూడండి. ఆరు గ్రాముల ఆకు ఇద్దరికి ఒక పూటంతా సరిపోతుంది. వంద గ్రాముల పొట్లం పదహారు పూటలు. వారానికి రెండుసార్లు తాగితే రెండు నెలలు. రోజూ తాగమని నేను చెప్పడం లేదు, మన పెన్షను దానికి చాలదు. నీలగిరి ఊలాంగ్ అయితే అంత భారం ఉండదు.

మట్టి కూజా కూడా అక్కర్లేదు. మూత ఉన్న చిన్న పింగాణీ గిన్నె చాలు, వడకట్టడానికి జల్లెడ. స్టీలు ఫ్లాస్కులో మాత్రం ఆకు నానబెట్టవద్దు, మగ్గిపోతుంది. నీళ్ళ విషయం ముఖ్యం. ఎనిమిదో శతాబ్దంలో లూ యూ అనే చైనా పండితుడు టీ మీద గ్రంథం రాస్తూ కొండ నీళ్ళు ఉత్తమం, ఏటి నీళ్ళు మధ్యమం, బావి నీళ్ళు అధమం అన్నాడు. మన బోరు నీళ్ళు ఆయన చూడలేదు, చూసి ఉంటే నాలుగో తరగతి పెట్టేవాడు. ఆ సున్నపు నీళ్ళలో ఎంత మంచి ఆకైనా చచ్చిపోతుంది, పైన తెట్టు కడుతుంది. కల్యాణి డ్యాం నీళ్ళు వచ్చే కుళాయి ఉన్నవారు అదృష్టవంతులు. నేను వాన నీళ్ళు పట్టి గుడ్డలో వడకట్టి కాచి చూశాను, అన్నిటికంటే బాగుంది.

దీనితో షుగర్ పోతుందని, ఒళ్ళు తగ్గుతుందని, కాన్సరు రాదని పొట్లాల మీద రాస్తుంటారు. నమ్మవద్దు. ఇది మందు కాదు. మందుబిళ్ళ మానేసి ఇది తాగేవారు ఎవరైనా ఉంటే ఇప్పుడే ఆ ఆలోచన విరమించుకోవాలని మనవి. ఇందులోనూ కెఫీన్ ఉంది, సాయంత్రం నాలుగు దాటాక తాగితే నిద్ర రాదు. రక్తం తక్కువై ఇనుము బిళ్ళలు వాడేవారు భోజనానికి, బిళ్ళకు కనీసం గంట ఎడంగా తాగాలి. పరగడుపున ఎవరికీ వద్దు. ఇది చేసే మేలు నాకు తెలిసినంతలో ఒకటే, చక్కెర అడగదు.

మా ఆవిడ నేటికీ దీన్ని కషాయమే అంటుంది. ఆమెకు ఫిల్టర్ కాఫీ ఉండాలి, అదీ ఇత్తడి డబరాలో. కానీ సాయంత్రం మూడు గంటలకు నేను నీళ్ళు పెడితే ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. మూడో తడవకు చెయ్యి చాస్తుంది. ‘ఇప్పుడు తీపి వచ్చిందా’ అని అడిగితే ‘మీకు వచ్చింది కదా, చాల్లే’ అంటుంది. సర్వీసులో ఉన్నన్నాళ్ళు మేమిద్దరం పగటిపూట గంటసేపు ఎదురెదురుగా కూర్చున్నది గుర్తు లేదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. నీళ్ళు ఆ వెనుక బల్ల మీద కాగుతున్నాయి. రెండు తులాల ఆకు తెచ్చాను, గిన్నెలు పన్నెండే ఉన్నాయి. మొదటి తడవ ఈ రోజు శాలువా కప్పించుకున్న పెద్దలకు. రెండు, మూడు తడవలు ముందు వరుసలకు. నాలుగోది వెనుక వరుసకు, ఏమప్పా అని అడిగిన మిత్రునితో మొదలుపెట్టి. నన్నడిగితే అన్నిటిలో బాగుండేది ఆ నాలుగోదే. మింగాక కాసేపు ఎవరూ మాట్లాడవద్దని, చక్కెర ఎవరూ అడగవద్దని మనవి.